టెక్సస్ స్కూల్ ఖాతాల నుంచి టెనెసీ డాక్టర్ల దాకా: అమెరికా రాష్ట్రాల చట్టాల వెనక థింక్ ట్యాంకులు

"ప్రైవేటు స్కూలుకి గవర్నమెంటే పదివేల డాలర్లు ఇస్తుందంటగా, మనకి వస్తుందా?" టెక్సస్‌లో పిల్లల్ని చదివిస్తున్న తెలుగువాళ్ల మధ్య ఈ ప్రశ్న బాగానే నలుగుతోంది. 2025 మే 3న గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేసిన సెనేట్ బిల్లు 2 గురించే ఈ చర్చంతా. 2026–27 విద్యా సంవత్సరం నుంచి అమలయ్యే ఈ పథకానికి రాష్ట్రం మొదటి విడతగా సుమారు 100 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది.

ఆ ప్రశ్నకు జవాబు కొంచెం కిందకి వెళ్లాక వస్తుంది. అంతకంటే ఆసక్తికరమైన సంగతి, ఈ ఆలోచన టెక్సస్‌లో పుట్టలేదు. అరిజోనా రాజధాని ఫీనిక్స్‌లోని గోల్డ్‌వాటర్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ దాన్ని కాగితం మీద పెట్టింది. 2011లో అరిజోనాలో చిన్న చట్టంగా మొదలై, ఒక్కో రాష్ట్రం దాటుకుంటూ 14 ఏళ్లకు టెక్సస్ రాజధాని ఆస్టిన్ చేరింది. ఇలా ఒక రాష్ట్రంలో రాసిన బిల్లు ఇంకో రాష్ట్రంలో చట్టమయ్యే దారిలో చాలాచోట్ల ఇలాంటి సంస్థలే కనిపిస్తాయి.

## థింక్ ట్యాంక్, నెట్‌వర్క్, లాబీ: ఎవరు ఎవరు?

ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసి, "ఇలా మార్చండి" అని నివేదికలు రాసే సంస్థను థింక్ ట్యాంక్ అంటారు. వాషింగ్టన్‌లో ఉండే హెరిటేజ్, కేటో, బ్రూకింగ్స్ పేర్లు చాలామంది విన్నవే. ఇక్కడ మాట్లాడుకునేవి వాటికి రాష్ట్రస్థాయి చుట్టాలు. మిషిగన్‌లోని మిడ్‌లండ్ అనే ఊళ్లో మాకినా సెంటర్ (1987), ఫీనిక్స్‌లో గోల్డ్‌వాటర్ (1988), టెక్సస్ పబ్లిక్ పాలసీ ఫౌండేషన్ (1989), నార్త్ కరోలినాలో జాన్ లాక్ ఫౌండేషన్ (1990) దాదాపు ఒకే కాలంలో మొదలయ్యాయి.

"స్వేచ్ఛా మార్కెట్ సంస్కరణలు" అని ఇవి చెప్పేదాంట్లో ముఖ్యమైనవి ఇవి: పన్ను రేట్లు తగ్గించాలి, పని చేసుకోవడానికి కావాల్సిన లైసెన్సులు తగ్గించాలి, ప్రభుత్వం తానే సేవలు నడపడం కంటే ఆ డబ్బు పౌరుడి చేతికిచ్చి నచ్చినచోట కొనుక్కోనివ్వాలి, యూనియన్‌కి చందా కట్టడం ఉద్యోగి ఇష్టానికి వదిలేయాలి.

ఈ సంస్థలన్నిటినీ కలిపే గొడుగు స్టేట్ పాలసీ నెట్‌వర్క్. 1992లో మొదలైంది. దాని వెనకున్న మనిషి సౌత్ కరోలినా వ్యాపారి థామస్ రో. యాభై రాష్ట్రాల్లోనూ కలిపి అరవైకి పైగా సంస్థలు ఇందులో ఉన్నాయి. 2013లో దీని వార్షిక సమావేశంలో అప్పటి అధ్యక్షురాలు ట్రేసీ షార్ప్ తమ పద్ధతిని ఐకియా కేటలాగ్‌తో పోల్చారని న్యూయార్కర్ పత్రిక రాసింది. ఎవరికి కావాల్సిన సామాను వాళ్లు ఎంచుకుని తమ రాష్ట్రంలో బిగించుకోవచ్చు. విమర్శకులు ఈ మాటను ఇప్పటికీ ఎత్తి చూపుతూ ఉంటారు.

దీంతో తరచూ కలిపేసే ఇంకో పేరు అలెక్ (అమెరికన్ లెజిస్లేటివ్ ఎక్స్చేంజ్ కౌన్సిల్). 1973లో మొదలైన ఈ సంస్థలో సభ్యులు రాష్ట్రాల శాసనసభ్యులు, కంపెనీలు. వీళ్లు కలిసి కూర్చుని నమూనా బిల్లులు తయారు చేస్తారు. లాబీయిస్టు, అంటే శాసనసభ్యుల్ని కలిసి ఒప్పించే మనిషి, మళ్లీ వేరు. అతనికి ఫీజిచ్చే క్లయింటు ఉంటాడు, ఆ క్లయింటు పని జరిగితే చాలు. థింక్ ట్యాంకుకి దాతలు ఉంటారు, ఒక సిద్ధాంతం ఉంటుంది. కాగితం మీద ఈ గీతలు స్పష్టంగానే ఉన్నా, బిల్లు మీద విచారణ జరిగే గదిలో ముగ్గురూ పక్కపక్కనే కూర్చుంటారు.

## రాష్ట్రాల మీదే ఎందుకు దృష్టి?

టెక్సస్ శాసనసభ రెండేళ్లకోసారి, 140 రోజులు మాత్రమే మామూలు సమావేశం జరుపుకుంటుంది. సభ్యుడి జీతం ఏడాదికి 7,200 డాలర్లు. న్యూ హాంప్‌షైర్‌లో 400 మంది ఉన్న దిగువ సభలో ఒక్కొక్కరికి ఏడాదికి వంద డాలర్లు. వీళ్లకు సొంత వృత్తులుంటాయి, సిబ్బంది అంతంతమాత్రం. వేల బిల్లులు గుట్టపడే ఆ కొద్దిరోజుల్లో పన్నుల చట్టాన్ని మొదటి అక్షరం నుంచి రాసుకునే తీరిక ఎవరికుంటుంది?

సరిగ్గా అక్కడే ఈ సంస్థల బలం ఉంది. వాళ్ల ఆలోచనలు గొప్పవా కాదా అన్నది తర్వాతి మాట. ముసాయిదా సిద్ధంగా ఉంటుంది, లెక్కలు సిద్ధంగా ఉంటాయి, కమిటీ ముందు మాట్లాడే మనిషి సిద్ధంగా ఉంటాడు, కోర్టులో కేసు పడితే వాదించే లాయరూ ఉంటాడు. 2019లో యూఎస్‌ఏ టుడే, అరిజోనా రిపబ్లిక్, సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటెగ్రిటీ కలిసి కంప్యూటర్ సాయంతో బిల్లుల పాఠాలను పోల్చి చూశాయి. ఎనిమిదేళ్లలో పదివేలకు పైగా బిల్లులు నమూనాల నుంచి దాదాపు మక్కీకి మక్కీ దించినవని, వాటిలో 2,100కు పైగా చట్టాలయ్యాయని తేల్చాయి. ఇవన్నీ స్వేచ్ఛా మార్కెట్ సంస్థలవే కావు. పరిశ్రమలు, వామపక్షంవైపు సంఘాలు రాసినవీ అందులో ఉన్నాయి.

మన దగ్గర ఈ పాత్రను ఎక్కువగా ప్రభుత్వం పిలిపించుకున్న కన్సల్టెంట్లు పోషించారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ సాయంతో విజన్ 2020 తయారు చేయించింది గుర్తుందిగా. అక్కడ కాగితం కావాలని అడిగింది ప్రభుత్వమే. అమెరికా రాష్ట్ర థింక్ ట్యాంకును మాత్రం ఎవరూ అడగరు. దాతల డబ్బుతో తానే రాసి, కొనేవాడి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది.

## అరిజోనా: కోర్టు తలుపు వేస్తే పక్కదారి

స్కూల్ వోచర్ అంటే ప్రభుత్వం పిల్లవాడి తరఫున ప్రైవేటు స్కూలుకి కట్టే ఫీజు. అరిజోనా 2006లో వికలాంగ పిల్లలకూ, ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లలకూ చిన్న వోచర్ పథకాలు పెట్టింది. 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ప్రైవేటు, మతసంస్థల స్కూళ్లకు సాయంగా ప్రభుత్వ ధనం ఇవ్వకూడదని అక్కడి రాజ్యాంగంలో స్పష్టంగా ఉంది.

గోల్డ్‌వాటర్ వాళ్లు దానికి కనిపెట్టిన విరుగుడు ఇది. డబ్బు స్కూలుకి ఇవ్వకండి, తల్లిదండ్రుల పేరిట ఒక ఖాతాలో వేయండి. ఆ డబ్బుతో ఫీజు కట్టుకోవచ్చు, ట్యూషన్ పెట్టించుకోవచ్చు, స్పీచ్ థెరపీకి వాడుకోవచ్చు, పుస్తకాలు కొనుక్కోవచ్చు, మిగిలితే కాలేజీకి దాచుకోవచ్చు. ప్రభుత్వం ఏ స్కూలుకూ నేరుగా సాయం చేయడం లేదు, ఎంపిక తల్లిదండ్రులది. 2011లో ఇది వికలాంగ పిల్లల వరకు చట్టమైంది. 2013లో అప్పీళ్ల కోర్టు సరేనంది. ఎడ్యుకేషన్ సేవింగ్స్ అకౌంట్ అన్న పేరు అక్కడి నుంచే దేశమంతా పాకింది.

ఆ తర్వాత పరిధి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయారు. సైనికుల పిల్లలు, సరిగా నడవని స్కూళ్లలోని పిల్లలు, గిరిజన ప్రాంతాల పిల్లలు ఇలా ఒక్కో వర్గాన్నీ చేర్చారు. 2017లో అందరికీ తలుపు తెరిచే చట్టం చేస్తే, వ్యతిరేకులు సంతకాలు సేకరించి దాన్ని ప్రజల ఓటుకు తెచ్చారు. 2018 నవంబరులో దాదాపు 65 శాతం మంది వద్దన్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2022లో, శాసనసభ మళ్లీ అదే పని చేసింది. గవర్నర్ డగ్ డూసీ సంతకం పెట్టారు. ఈసారి వ్యతిరేకులకు సంతకాలు చాలలేదు. ప్రజలు ఓటేసి కాదన్నదాన్ని తిరిగి తేవడం ఏమిటన్నది ఒక వాదన. మధ్యలో కోవిడ్ వచ్చి స్కూళ్లు మూతపడ్డాయి, తల్లిదండ్రుల మనసు మారింది, మళ్లీ ఎన్నికైన సభకు ఆ అధికారం ఉందన్నది ఇంకో వాదన.

ఖర్చు లెక్కలో అసలు పేచీ ఎక్కడో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఖాతాకు 7,000 డాలర్లు అనుకుందాం, వందమంది పిల్లలు చేరారు. అందులో 25 మంది ప్రభుత్వ స్కూలు వదిలి వచ్చారు. వాళ్ల మీద రాష్ట్రం ఎలాగూ అంతో ఇంతో ఖర్చు పెడుతోంది కాబట్టి కొత్త భారం పెద్దగా లేదు. మిగతా 75 మంది అప్పటికే ప్రైవేటు స్కూల్లోనో, ఇంట్లోనో సొంత డబ్బుతో చదువుకుంటున్నారు. వాళ్లకిచ్చే 5,25,000 డాలర్లు మొత్తం కొత్త ఖర్చే. 75 అనేది గాల్లోంచి తీసింది కాదు. 2022లో పరిధి పెంచినప్పుడు మొదట దరఖాస్తు చేసినవాళ్లలో సుమారు మూడొంతుల మంది అంతకుముందు ప్రభుత్వ స్కూలు రికార్డుల్లో లేనివాళ్లేనని అరిజోనా విద్యాశాఖ చెప్పింది.

సమర్థకులు దీన్ని ఇంకోలా చూస్తారు. ఆ 75 కుటుంబాలూ స్కూలు పన్ను కట్టినవే, ఇన్నాళ్లూ రెండుసార్లు కట్టాయి. పైగా మొదటి ఏడాది లెక్కను బట్టి పదో ఏడాదిని చెప్పలేం. వ్యతిరేకులది మరో లెక్క. ఒక్కో తరగతి నుంచి ఒక్కో పిల్లవాడు వెళ్లిపోయినా టీచరు జీతం, బస్సు డీజిలు, కరెంటు బిల్లు తగ్గవు, వచ్చే నిధులు మాత్రం తగ్గుతాయి. రెండు వాదనల్లోనూ అంకగణితం సరైనదే. ఎవరు ఏ ఖర్చును లెక్కలోకి తీసుకుంటున్నారన్న దగ్గరే తేడా.

## మరి టెక్సస్ ప్రశ్నకు జవాబు?

సూత్రప్రాయంగా పథకం అందరిదీ. ప్రైవేటు స్కూల్లో చేరే పిల్లలకు తలా సుమారు పదివేల డాలర్లు, ఇంట్లో చదివించుకుంటే 2,000, వికలాంగ పిల్లలకు 30,000 దాకా. కానీ నిధుల కంటే దరఖాస్తులు ఎక్కువైతే వరస ఉంటుంది. ముందు పేదరిక రేఖకు ఐదురెట్ల లోపు ఆదాయమున్న కుటుంబాల్లోని వికలాంగ పిల్లలు, తర్వాత రెండురెట్ల లోపు కుటుంబాలు, తర్వాత ఐదురెట్ల వరకు, చివరగా ఆ పైన ఉన్నవాళ్లు. ఆ చివరి వర్గానికి నిధుల్లో 20 శాతానికి మించి వెళ్లకూడదు.

2025 లెక్కన నలుగురున్న కుటుంబానికి పేదరిక రేఖ 32,150 డాలర్లు. ఐదురెట్లు 1,60,750. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలోనో కొప్పెల్‌లోనో భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే చాలావరకు ఆ గీత దాటేస్తారు, అంటే చివరి వరసలోకి వెళ్తారు. పైగా వాళ్లలో చాలామంది ఇల్లు కొన్నదే అక్కడి ప్రభుత్వ స్కూలు రేటింగ్ చూసి!

థింక్ ట్యాంకుల శక్తికి హద్దు ఎక్కడుందో కూడా టెక్సస్ చూపించింది. టెక్సస్ పబ్లిక్ పాలసీ ఫౌండేషన్ ఏళ్లుగా దీనికోసం పట్టుబట్టింది. పల్లె ప్రాంతాల రిపబ్లికన్లు మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లలో ప్రైవేటు స్కూళ్లు లేవు, ఉన్న పెద్ద ఉద్యోగదాత ప్రభుత్వ స్కూలే. 2023 నవంబరులో 21 మంది రిపబ్లికన్లు డెమోక్రాట్లతో కలిసి 84–63 ఓట్లతో ఈ ఖాతాల అంశాన్ని అప్పటి విద్యా బిల్లులోంచి తీసేశారు. తర్వాత గవర్నర్ 2024 ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో) వాళ్ల మీదకి పోటీదారుల్ని బలపరిచారు. పెన్సిల్వేనియా ఇన్వెస్టర్ జెఫ్ యాస్ ఒక్కరే అబాట్‌కి 60 లక్షల డాలర్లు ఇచ్చారు. అడ్డుపడినవాళ్లలో పలువురు సీట్లు పోగొట్టుకున్నాక బిల్లు గట్టెక్కింది. నివేదికలు ఎన్ని పోగైనా చివరికి పని జరిపించింది ఎన్నికల బలం, ఎన్నికల డబ్బు.

## ఒకే మందు, రెండు ఫలితాలు: కాన్సస్, నార్త్ కరోలినా

2012లో కాన్సస్ గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపన్ను గరిష్ఠ రేటును 6.45 శాతం నుంచి 4.9కి దించారు. ఆర్థికవేత్త ఆర్థర్ లాఫర్ సలహాదారు. రేటు తగ్గింపు ఒకెత్తు, ఎల్‌ఎల్‌సీ లాంటి సంస్థల నుంచి యజమానికి వచ్చే వ్యాపార ఆదాయం మీద రాష్ట్ర పన్నును సున్నా చేయడం ఇంకొకెత్తు. అంటే సొంత క్లినిక్ మీద రెండు లక్షల డాలర్ల లాభం తీసుకునే డాక్టరు రాష్ట్రానికి దానిమీద ఏమీ కట్టనక్కర్లేదు. ఆ క్లినిక్‌లో 60 వేల జీతానికి పనిచేసే నర్సు కట్టాలి. జీతాన్ని వ్యాపార ఆదాయంగా మార్చి చూపుకునే అవకాశం ఉన్నవాళ్లంతా చూపుకున్నారు.

2014 ఆర్థిక సంవత్సరంలో రాబడి దాదాపు 70 కోట్ల డాలర్లు పడిపోయింది. క్రెడిట్ రేటింగ్ దిగింది. రోడ్ల నిధులు మళ్లించాల్సి వచ్చింది. 2017 జూన్‌లో రిపబ్లికన్ల ఆధిక్యం ఉన్న శాసనసభే గవర్నర్ వీటోను తోసిపుచ్చి పన్నులు మళ్లీ పెంచింది.

2013లో నార్త్ కరోలినా కూడా ఇదే దారి పట్టింది. 7.75 దాకా ఉన్న మూడు శ్లాబులు తీసేసి 2014లో అందరికీ 5.8 శాతం పెట్టింది. అది మెల్లమెల్లగా దిగి 2026 నుంచి 3.99 అయ్యేలా చట్టం చేశారు. కంపెనీ పన్ను 6.9 నుంచి 2019కల్లా 2.5కి తగ్గి, 2030కి సున్నా అయ్యే దారిలో ఉంది. అక్కడి క్యారీ, షార్లెట్ ఊళ్లలోని తెలుగువాళ్లకు ఇది పే స్లిప్‌లోనే కనిపిస్తుంది. కాన్సస్‌లోలా ఖజానా కుప్పకూలలేదు. ఎందుకంటే రేటు తగ్గిస్తూనే మినహాయింపులు కోసేశారు, రిపేర్ల లాంటి సేవల మీద అమ్మకం పన్ను వేశారు, రాబడి ఫలానా మొత్తం దాటితేనే తర్వాతి తగ్గింపు అని కొన్నిచోట్ల షరతు పెట్టారు. తక్కువ జీతగాళ్లకు ఇచ్చే రాష్ట్ర పన్ను రాయితీని కూడా ఎత్తేశారు. విమర్శకులు వేలు పెట్టి చూపించేది అక్కడే. ఖజానా నిలబడింది, కానీ నిలబెట్టింది ఎవరి జేబులోంచి అని.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కాన్సస్ వ్యాపార మినహాయింపును మార్కెట్ అనుకూల సంస్థ అయిన టాక్స్ ఫౌండేషనే తప్పుపట్టింది. "ఆ వర్గం" అంతా ఒకే మాట మీద ఉంటుందనుకోవడం సరికాదు.

## ఓవర్టన్ కిటికీ

రాజకీయ వార్తల్లో "ఓవర్టన్ విండో" అన్న మాట తరచూ కనిపిస్తుంది. అది మాకినా సెంటర్‌లో పనిచేసిన జోసెఫ్ ఓవర్టన్ ఆలోచన. ఏ కాలంలోనైనా రాజకీయ నాయకుడు ఓట్లు పోకుండా సమర్థించగల విధానాలు కొన్నే ఉంటాయి. ఆ పరిధే ఆ కిటికీ. థింక్ ట్యాంక్ పని నాయకుణ్ని ఒప్పించడం కాదు, జనం దేన్ని మామూలు విషయంగా తీసుకుంటారో ఆ హద్దును మార్చడం. నాయకుడు తర్వాత వస్తాడు. 2003లో ఓవర్టన్ విమాన ప్రమాదంలో చనిపోయాక సహోద్యోగులు ఈ ఆలోచనకు ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు అన్ని పక్షాలవాళ్లూ వాడుతున్నారు.

## లైసెన్సులు: రెండు పక్షాలూ కలిసేచోటు

1950ల మొదట్లో అమెరికాలో పని చేసుకోవడానికి రాష్ట్రం లైసెన్సు కావాల్సినవాళ్లు ఇరవైమందిలో ఒకరు కూడా లేరు. ఇప్పుడు నలుగురిలో ఒకరికి కావాలి. ఈ మాట చెప్పింది 2015లో ఒబామా వైట్‌హౌస్ నివేదిక. స్వేచ్ఛా మార్కెట్ సంస్థలు ఎప్పటి నుంచో అంటున్నదీ ఇదే. 2019లో అరిజోనా, గోల్డ్‌వాటర్ మద్దతుతో, వేరే రాష్ట్రం లైసెన్సు ఉన్నవాళ్లు ఇక్కడికి మారితే గుర్తించాలని చట్టం చేసింది. ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి.

తెలుగువాళ్లకు దగ్గరగా వచ్చేది డాక్టర్ల లైసెన్సు. గుంటూరులో ఎంబీబీఎస్, తర్వాత ఎండీ చేసి, పదేళ్లు ప్రాక్టీసున్న ఒక ఫిజీషియన్‌ని ఊహించుకుందాం. అమెరికా వెళ్తే యూఎస్‌ఎంఎల్ఈ పరీక్షలు రాసి, మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్లు కేటాయించే పద్ధతిలో) సీటు తెచ్చుకుని, మూడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ, మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆస్టిన్‌లోని సిసెరో ఇన్‌స్టిట్యూట్ దీనికి ప్రత్యామ్నాయ బిల్లును రాష్ట్రాల్లో తిప్పింది. 2023లో టెనెసీ ఈ దారి మొదట తెరిచింది. సొంత దేశంలో శిక్షణో, ఇటీవలి ప్రాక్టీసో ఉండి, రెసిడెన్సీ నడిపే ఆసుపత్రి ఉద్యోగం ఇస్తే ముందు తాత్కాలిక లైసెన్సు, రెండేళ్లు సజావుగా సాగితే పూర్తి లైసెన్సు. రెసిడెన్సీ తిరిగి చేయనక్కర్లేదు. ఫ్లోరిడా, వర్జీనియా తదితర రాష్ట్రాలు తర్వాత తమతమ రూపాల్లో చట్టాలు చేశాయి.

వినడానికి తేలిగ్గా ఉంది. చిక్కు తర్వాత మొదలవుతుంది. బోర్డ్ సర్టిఫికేషన్, అంటే స్పెషలిస్టు అని ఇచ్చే గుర్తింపు, ఇచ్చేవి ప్రైవేటు సంస్థలు, అవి మామూలుగా అమెరికా రెసిడెన్సీ అడుగుతాయి. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఇన్సూరెన్స్ కంపెనీలు తమ జాబితాలో చేర్చుకోవడానికి వెనకాడవచ్చు. ఇక వీసా టెన్షన్ ఉండనే ఉంది. లైసెన్సు రాష్ట్రం చేతిలో ఉంటే, వీసా కేంద్రం చేతిలో ఉంటుంది. పల్లెల్లో డాక్టర్లు లేరు, శిక్షణ ఉన్నవాణ్ని మళ్లీ విద్యార్థిని చేయడం వృథా అని సమర్థకులంటారు. ఒక్కో దేశంలో శిక్షణ ఒక్కోలా ఉంటుంది, రెసిడెన్సీయే నాణ్యత తేల్చే జల్లెడ అని వైద్య సంఘాల్లోని సందేహవాదులంటారు. చట్టం పుస్తకాల్లోకి ఎక్కాక కూడా ఆసుపత్రి, బోర్డు, ఇన్సూరెన్స్, కాన్సులేట్ అన్న నాలుగు గేట్లు మిగిలే ఉంటాయి.

## డబ్బు ఎవరిది?

ఈ సంస్థలు చాలావరకు పన్ను చట్టంలోని 501(సీ)(3) సెక్షన్ కింద నమోదైన ధార్మిక సంస్థలు. దాతకు పన్ను మినహాయింపు వస్తుంది. అభ్యర్థులకు మద్దతు ఇవ్వకూడదు. లాబీయింగ్‌కి పరిమితి ఉంది. ఎంచుకోదగ్గ ఒక పద్ధతిలో లెక్క ఇలా: ఏడాది ఖర్చు 15 లక్షల డాలర్లనుకుంటే, మొదటి 5 లక్షల్లో 20 శాతం, తర్వాతి 5 లక్షల్లో 15, ఆ తర్వాతి 5 లక్షల్లో 10 శాతం, మొత్తం 2,25,000 డాలర్ల వరకు లాబీయింగ్‌కి పెట్టొచ్చు. అయితే నిష్పాక్షిక పరిశోధన నివేదిక, కమిటీ రాతపూర్వకంగా పిలిస్తే ఇచ్చే సాక్ష్యం ఈ లెక్కలోకి రావు. వివాదమంతా ఆ గీత దగ్గరే.

దాతల పేర్లు బయటపెట్టాలా అన్నది ఇంకా పెద్ద గొడవ. చట్టాన్ని ఎవరి డబ్బు రాయించిందో జనానికి తెలియాలన్నది ఒక పక్షం. రెండో పక్షం చూపించేది 1958 నాటి తీర్పు. అలబామా ప్రభుత్వం నల్లజాతి హక్కుల సంఘం సభ్యుల జాబితా అడిగితే సుప్రీంకోర్టు ఇవ్వనక్కర్లేదంది. పేర్లు తెలిస్తే వేధింపులు తప్పవు కాబట్టి. 2021లో కాలిఫోర్నియా దాతల వివరాలు అడగడాన్ని కొట్టేసినప్పుడూ సుప్రీంకోర్టు ఇదే తర్కాన్ని పట్టుకుంది. ఈ గోప్యత రెండువైపుల సంస్థలకూ పనికొస్తుంది. వామపక్షంవైపు కూడా ఇలాంటి యంత్రాంగం ఉంది. సెంటర్ ఆన్ బడ్జెట్ అండ్ పాలసీ ప్రయారిటీస్ 1990ల నుంచి రాష్ట్రస్థాయి బడ్జెట్ సంస్థల కూటమిని నడుపుతోంది. కాన్సస్ పన్నుల మీద గట్టిగా రాసినవాటిలో అదీ ఒకటి.

## వెనక్కి తీసుకోగలిగేవి, తీసుకోలేనివి

మాకినా సెంటర్ ఏళ్ల తరబడి కోరిన "రైట్ టు వర్క్" చట్టం 2012లో మిషిగన్‌లో వచ్చింది. యూనియన్‌కి డబ్బు కట్టకపోతే ఉద్యోగం పోతుందనే ఒప్పందాలను అది నిషేధించింది. 2022 ఎన్నికల్లో డెమోక్రాట్లు రెండు సభలూ గెలిచి, 2023లో దాన్ని రద్దు చేశారు. 2024 ఫిబ్రవరిలో రద్దు అమల్లోకి వచ్చింది. కానీ ప్రైవేటు రంగంలో మాత్రమే. ప్రభుత్వ ఉద్యోగుల విషయాన్ని 2018లో సుప్రీంకోర్టు జేనస్ కేసులో తేల్చేసింది: యూనియన్‌కి డబ్బు కట్టమని వాళ్లను బలవంతం చేయకూడదంది. ఇల్లినాయ్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అండతో మొదలైన లీగల్ సంస్థ కూడా ఆ కేసు నడిపిన లాయర్లలో ఉంది. 5–4 తేడాతో వచ్చిన ఆ తీర్పు రాజ్యాంగం మీద ఆధారపడింది కాబట్టి మిషిగన్ శాసనసభకు దాన్ని ముట్టుకోవడం సాధ్యం కాదు. మిషిగన్ రాజధాని లాన్సింగ్‌లో ఒక ఫ్యాక్టరీ కార్మికుడికి ఇప్పుడు ఒక నియమం, అదే వీధిలోని ప్రభుత్వ స్కూలు టీచరుకి ఇంకో నియమం.